కోడిని చర్చిలో వదిలి వెళ్ళిన ఆదివారం

మా అమ్మకు విధేయత అంటే ప్రాణం. ఆదివారం చర్చిలో అయ్యగారు ఏం చెబితే అది సోమవారం పొద్దున్నుంచి మా ఇంట్లో అమలయ్యేది. విన్నది అమ్మ ఒక్కతే అయినా పాటించాల్సింది మాత్రం ముగ్గురం.

ఒకసారి అయ్యగారు పొద్దు గుంకేలోగా కోపం విడిచిపెట్టాలని చెప్పారు. అమ్మ దాన్ని తనకు తోచిన పద్ధతిలో అర్థం చేసుకుంది. ఆరోజు తిట్టాల్సిన తిట్లన్నీ పొద్దు గుంకేలోగా పూర్తి చేసేసేది. చలికాలంలో పొద్దు తొందరగా పోతుంది కనక మధ్యాహ్నం మూడింటికే మొదలుపెట్టేది. ఇంకోసారి, అడిగినవాళ్ళకు లేదనకూడదని చెప్పారు. ఆ వారమే వానలో చేపలమ్ముకుంటూ వచ్చినావిడ గొడుగుంటే ఇమ్మందట. నాన్న గొడుగు తీసి ఇచ్చేసింది అమ్మ. నాన్న తడుస్తూ ఆఫీసుకు వెళ్ళి, తుమ్ముకుంటూ ఇంటికి వచ్చాడు. అప్పట్నుంచీ ఆరాధన అయిపోగానే చర్చి గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచి, "ఈ వారం ఏం చెప్పారే?" అని అడిగేవాడు. తనూ అదే చర్చిలో, మగవాళ్ళ వైపు, మూడో బెంచీలో కూర్చునేవాడు. కాకపోతే ప్రసంగం మొదలవగానే కళ్ళు మూసుకునేవాడు. అడిగితే ధ్యానం అనేవాడు.

కోడి సంగతి జరిగేటప్పటికి నేను ఇంటర్ రెండో ఏడు చదువుతున్నాను. మేము ఫరంపేటలో ఉండేవాళ్ళం. మా అత్త, అంటే నాన్నకు అక్క, మెట్టకూరులో ఒక్కతే ఉండేది. చిన్నపిల్లల బడిలో టీచరు. మావయ్య పోయారు, పిల్లలు లేరు. ఒకప్పుడు ఆదివారం వస్తే ఆరాధన కాగానే మా ఇంటికే వచ్చేది. అమ్మా ఆవిడా కలిసి వండేవాళ్ళు, కలిసి అయ్యగారి భార్య చీరల గురించి మాట్లాడుకునేవాళ్ళు, ఆ తర్వాత అలా మాట్లాడినందుకు కలిసి పశ్చాత్తాపపడేవాళ్ళు. అలాంటిది రెండేళ్ళుగా మాటల్లేవు. అమ్మ తొమ్మిదిన్నర ఆరాధనకు వస్తుందని అత్త ఆరున్నర ఆరాధనకు మారిపోయింది. తెల్లవారకముందే లేవడమంటే ఆవిడకు బొత్తిగా గిట్టదు. అయినా మారింది.

దీనంతటికీ కారణం ఒక ఆవకాయ జాడీ. ఆ జాడీకి కారణం నేను. రెండో సంగతి అమ్మకు తెలియదు.

రెండేళ్ళ కిందటి వేసవిలో అమ్మా అత్తా కలిసి పెద్ద జాడీ నిండా ఆవకాయ పెట్టారు. ముక్కలు తుడిచిందీ కలిపిందీ అత్త. పక్కన నిలబడి ఇంకా తుడవమన్నది అమ్మ. వాసెన కట్టి వంటింట్లో మూలన పెట్టారు. చేతులు కడుక్కోకుండా తినేదేదీ ముట్టుకోకూడదన్నది మా ఇంట్లో మొదటి ఆజ్ఞ. తడి చేత్తో జాడీ ముట్టుకోకూడదన్నది రెండో ఆజ్ఞ. మధ్యాహ్నాలు అమ్మ నిద్రపోయినప్పుడు నేను చల్దన్నం ముందు పెట్టుకుని, మొదటి ఆజ్ఞ శ్రద్ధగా పాటించి, శుభ్రంగా కడుక్కున్న చెయ్యి నేరుగా జాడీలో పెట్టేదాన్ని. గరిటతో తీసుకుంటే ముక్క ఎంచుకోవడం కుదరదు. టెంక ఉన్న పెద్ద ముక్క కావాలంటే చేత్తో వెతకాల్సిందే.

ఒకరోజు అలా మోచేతి దాకా జాడీలో ఉండగా పెరటి తలుపు లోంచి అత్త వచ్చింది. నన్ను చూసింది. నేను ఆవిడను చూశాను. "మూతి తుడుచుకోవే కోడలా, ఎర్రగా ఉంది" అని మాత్రం అని, అమ్మను లేపడానికి లోపలికి పోయింది.

వానలు పడ్డాక ఒక ఆదివారం అమ్మ జాడీ మూత తీసింది. పైనంతా తెల్లగా బూజు. అప్పుడు అత్త అక్కడే కూర్చుని బీరకాయ చెక్కు తీస్తోంది. నాన్న అరుగు మీద ఉన్నాడు. నేను గుమ్మంలో ఉన్నాను.

"తడి తగిలింది వదినా" అంది అమ్మ. "ముక్కలు సరిగ్గా తుడవలేదు మీరు. నేను అప్పుడే చెప్పాను."

అత్త తలెత్తి నా వైపు ఒక్కసారి చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఆ నెలలో ఎన్ని ఆదివారాలున్నాయో లెక్కపెట్టాను కూడా.

"అయ్యుంటుందిలే" అంది అత్త. "నా చెయ్యే తడిగా ఉందేమో."

అక్కడితో ఆగిపోవాల్సింది. కానీ ఒప్పేసుకున్నవాళ్ళ మీద అమ్మ కోపం ఇంకా పెరుగుతుంది. పొద్దు గుంకడానికి చాలా టైముంది కూడా. ముక్కల గురించి అంది, నూనె గురించి అంది, చివరికి, "అయినా మీ చెయ్యి పడ్డది ఏది నిలిచింది గనక!" అనేసింది.

అప్పటికి మావయ్య పోయి ఏడాది కూడా కాలేదు.

అత్త బీరకాయ కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. నాన్న, "అక్కా, ఆగు" అంటూ సందు చివరి దాకా వెళ్ళి ఒక్కడే తిరిగి వచ్చాడు. ఆ రోజు నేను నోరు విప్పాల్సింది. విప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు పరీక్ష ఉంది. ఆ తర్వాత రెండేళ్ళు రోజూ ఏదో ఒకటి ఉంటూనే వచ్చింది.

ఇక ఆ ఆదివారం సంగతి. మా చర్చిలో కోతపండుగ. కోతలయ్యాక ఎవరి చేతికొచ్చిన దాంట్లో మొదటిది వాళ్ళు తెచ్చి దేవుడికిస్తారు. ఆరాధన చివర వాటిని వేలం వేస్తారు. చర్చి ముందంతా గుమ్మడికాయలు, అరటి గెలలు, వడ్ల బస్తాలు, చెరుకు గడలు. చేపల వేటకెళ్ళేవాళ్ళు ఎండుచేపలు తెచ్చారు. ఆ వాసనకు అయ్యగారి భార్య బుట్టను మెల్లిగా కిటికీ దగ్గరికి జరిపించింది. మా అమ్మ కోడిని తెచ్చింది. ఎర్ర నాటుకోడి, తను పెంచిందే. కాళ్ళు కట్టి చంకలో పెట్టుకుని ఆడవాళ్ళ వైపు ముందు వరసలో చాప మీద కూర్చుంది. కోడి చక్కగా వింటోంది. నాన్న కంటే నయం.

అయ్యగారు కృప గురించి, విధేయత గురించి చెప్పారు. కృప మనం సంపాదించుకునేది కాదని, ఊరికే వచ్చేదని, వచ్చిందని తెలిసినవాడు ఊరికే కూర్చోలేడని, అదే విధేయత అని అన్నారు. ఇంతవరకూ నాకేమీ ఇబ్బంది లేదు. తర్వాత కానుకల వైపు చెయ్యి చూపించి, ఇవి ఇవ్వడానికి వచ్చినప్పుడు మన మీద ఎవరికైనా మనసులో ఏమైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే విడిచి, ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాత వచ్చి ఇవ్వాలని చెప్పారు.

అమ్మ వీపు నిటారుగా అయింది. ఆ వీపు నాకు బాగా తెలుసు. గొడుగు ఇచ్చేసిన వారం కూడా అలాగే అయింది.

లేచింది. అందరూ చూస్తుండగా ముందుకు నడిచి, మెట్టు మీద, అయ్యగారి పాదాలకు జానెడు దూరంలో, కోడిని పెట్టింది. అయ్యగారు ప్రసంగం ఆపారు.

"ఏంటమ్మా?"

"మీరు కానివ్వండి అయ్యగారూ. నేను ముందెళ్ళి సమాధానపడి వచ్చేస్తాను. కోడి ఇక్కడే ఉంటది."

కుర్రాళ్ళ వైపు నుంచి నవ్వులు. ఈ అయ్యగారు ఈమధ్యే బదిలీ మీద వచ్చారు, ఇంకా చిన్నవయసే. అంత తొందరగా ఎవరైనా తన మాట వింటారని అనుకున్నట్టు లేదు. "అంటే... ఇప్పుడేనా అమ్మా?" అన్నారు.

"మరి మీరు ముందు అన్నారు కదండీ."

అని నా వైపు తిరిగి, "పదవే" అంది.

"నేనెందుకు?"

"సాక్షిగా."

వెళ్తూ వెళ్తూ నాన్నను తట్టి లేపి, కోడిని చూసుకోమంది. నాన్న ఏమీ అర్థంకాకపోయినా అలాగే అన్నాడు.

బయట ఆటో దొరికింది. మా అయ్యగారు గంటకు తక్కువ చెప్పరు, ఆ మీద ప్రార్థనలు, ప్రకటనలు. ఈలోగా మెట్టకూరు వెళ్ళి రావచ్చని అమ్మ లెక్క. ఆటో కదలగానే చెప్పాల్సిన మాటలు పైకి అనుకోవడం మొదలుపెట్టింది.

"వదినా, మీరు చేసింది నేను క్షమించేశాను. కాదు, బాగా లేదు. వదినా, జరిగిందేదో జరిగింది, తప్పు మీదే అయినా..."

"అమ్మా" అన్నాను. "అయ్యగారు చెప్పింది మన మీద ఎవరికైనా కోపముంటే అని. మనకి వాళ్ళ మీద ఉంటే అని కాదు."

అమ్మ ఆలోచించింది. "రెండూ ఒకటేలే" అంది.

"పోనీ రేపెళ్దాం. ఈ పూట అత్త పడుకుని ఉంటుంది."

"దేవుని పని రేపటికి వాయిదా వెయ్యకూడదు" అంటూ నా మొహంలోకి చూసింది. "ఏంటే ఆ చెమటలు?"

ఆటో అతను అద్దంలోంచి అమ్మను చూసి, "ఏవైందండమ్మా, గొడవలేవన్నానాండి?" అని అడిగాడు. అమ్మ మొత్తం చెప్పింది. ముక్కలు, నూనె, బూజు, అన్నీ. తను అన్న ఆ చివరి మాట మాత్రం చెప్పలేదు. అది నేను గమనించాను.

అతను విని, "ఆయ్, పచ్చడి కోసం రెండేళ్ళేంటండమ్మా? పడేసి మళ్ళీ పెట్టుకుంటే పోయేది కదండి" అన్నాడు. అమ్మ అక్కడి నుంచి మెట్టకూరు దాకా మాట్లాడలేదు.

అత్త తలుపు తీసింది. పొద్దున్నే ఆరాధనకు వెళ్ళొచ్చి, ఇప్పుడు తలస్నానం చేసినట్టుంది, జుట్టుకు తువ్వాలు చుట్టుకుని ఉంది. మమ్మల్ని చూడగానే మొహం పాలిపోయింది.

"మా తమ్ముడికేమైనా అయిందా?"

"ఆయన బానే ఉన్నారు. కోడి దగ్గరున్నారు" అంది అమ్మ.

అత్తకు అర్థం కాలేదు గానీ ఊపిరి పీల్చుకుంది. లోపలికి రమ్మంది. అమ్మ కూర్చోలేదు. నిలబడే, పాఠం ఒప్పజెప్పినట్టు, "వదినా, నేను మిమ్మల్ని క్షమించాను" అంది.

"దేనికీ?"

"పచ్చడికి."

అత్త నా వైపు చూసింది. ఈసారి ఆ గోడకు క్యాలెండరు లేదు.

"సంతోషం" అంది అత్త. "నేనూ నిన్ను ఎప్పుడో క్షమించేశాను అమ్మాయ్. కూర్చో, టీ పెడతాను."

అమ్మ మొహం మారిపోయింది. క్షమించడానికి వచ్చినావిడకు, తనను ముందే క్షమించేశారంటే మింగుడుపడలేదు. "నన్నా? నన్నెందుకు క్షమించడం? నేనేం చేశానని?"

"కూర్చోవే."

"కాదు, చెప్పండి. బూజు పట్టిందేమో మీరు కలిపిన పచ్చడి. నేనేమో అక్కర్లేకపోయినా ఆటో కట్టించుకుని వచ్చాను. మధ్యలో నన్ను క్షమించడమేంటి?"

గొంతు పెరుగుతోంది. ఇంకో నిమిషం పోతే రెండో గొడవ మొదలయ్యేలా ఉంది. అత్త వంటింటి వైపు తిరిగింది. ఆవిడ ఈసారి కూడా చెప్పదని నాకు అర్థమైపోయింది. రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళయినా చెప్పదు.

"అమ్మా, తడి చెయ్యి నాది" అన్నాను.

"ఏంటీ?"

"జాడీలో. నువ్వు పడుకున్నప్పుడు తినేదాన్ని."

అమ్మ నా వైపు తిరిగింది. "ఎన్నిసార్లు?"

"రోజూ."

"గరిటతోనా?"

"చేత్తో."

అమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుంది. దొంగచాటుగా తిన్నదానికంటే, రెండేళ్ళు దాచినదానికంటే, చేత్తో అన్నదే ఆవిడను ఎక్కువ కొట్టినట్టుంది. తువ్వాలు చుట్టుకున్న అత్త తలకాయ కదులుతోంది. నవ్వు ఆపుకుంటోంది.

"మీకు తెలుసా వదినా?"

"చూశాను."

"చూసి చెప్పలేదా!"

"చెబితే దాని వీపు చిట్లగొట్టేదానివి. అప్పటికింకా పొద్దు గుంకలేదు కూడా."

నాకూ నవ్వొచ్చింది. అమ్మ చూపుకు వచ్చిన దారినే వెనక్కి పోయింది. కానీ అమ్మ నన్ను కొట్టడానికి లేవలేదు. ఉన్నచోటే కూలబడినట్టు కుర్చీలో కూర్చుంది. చాలాసేపు కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది.

"అయితే మీరేమీ చెయ్యలేదు" అంది చివరికి. "ఏమీ చెయ్యనిదానికి నేను... ఆ రోజు నేనన్న మాట..."

పూర్తి చెయ్యలేకపోయింది.

"ఆ మాటకే నేను చెప్పింది" అంది అత్త. "క్షమించేశానని. పచ్చడికి కాదు. పచ్చడిదేముంది!"

అమ్మ ముక్కు మీద కొంగు అడ్డం పెట్టుకుంది. మా అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. ఏడవడం ఎలాగో ఆవిడకూ సరిగ్గా తెలియదనుకుంటాను, దగ్గినట్టు ఏడ్చింది.

"నన్నేం చెయ్యమంటారు వదినా?"

"ఏం చెయ్యక్కర్లేదు."

"అదేంటండీ, ఏదో ఒకటి చెప్పండి. చేస్తాను."

"ఏమీ అక్కర్లేదంటుంటే!"

ఇది అమ్మకు భరించలేనంత కష్టమైపోయింది. ఆరు వారాలు ఉపవాసం ఉండమన్నా ఉండేది. మెట్టకూరు నుంచి మోకాళ్ళ మీద ఫరంపేటకు నడవమన్నా బయల్దేరేది. ఏమీ చెయ్యొద్దంటే ఏం చెయ్యాలో తెలియలేదు. ఇల్లంతా చూసింది. పెరట్లో పంపు దగ్గర అత్త రాత్రి తిన్న గిన్నెలు కనిపించాయి. గబగబా వెళ్ళి, పండుగ చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, తోమడం మొదలుపెట్టింది.

నేను వారించబోతే అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. "తోమనియ్యవే. లేకపోతే దానికి ఊపిరాడదు." తర్వాత పెరట్లోకి వినపడేలా, "అమ్మాయ్, అవి తోముతున్నందుకు క్షమించానని మాత్రం అనుకోకు" అంది.

"తెలుసులెండి" అంది అమ్మ, మాడిన గిన్నెను ఇంకా గట్టిగా రుద్దుతూ.

అత్త చీర మార్చుకుంది. బయట కాచుకుని ఉన్న అదే ఆటోలో ముగ్గురం వెనక్కి వచ్చాం. అమ్మకూ అత్తకూ మధ్య నన్ను ఇరికించారు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. దారిలో ఒకసారి అత్త, "అయ్యగారి భార్య ఇవాళ రెండో ఆరాధనకు ఏ చీర కట్టింది?" అని అడిగింది. అమ్మ చెప్పింది. అంతా సర్దుకుందని నాకు అప్పుడు నమ్మకం కలిగింది.

చర్చికి వచ్చేసరికి వేలం సగం అయిపోయింది. మెట్టు మీద కోడి లేదు. అమ్మ నేరుగా లోపలికి వెళ్ళి, "నా కోడేది?" అంది.

సంఘపెద్ద ఒకాయన ఇబ్బందిగా, "వేలమైపోయిందమ్మా" అన్నాడు.

"నేను ఇవ్వకుండా ఎలా వేస్తారండీ! సమాధానపడి వచ్చి ఇస్తానన్నాను కదా! ఎవరు పాడుకున్నారు?"

మూడో బెంచీలోంచి నాన్న లేచాడు. చంకలో కోడి ఉంది. "నువ్వు చూసుకోమన్నావు కదే" అన్నాడు. "ఎవరో పట్టుకుపోతారని నేనే పాడేశాను."

చర్చంతా నవ్వు. అయ్యగారు కూడా పక్కకు తిరిగి నవ్వుకున్నారు. అమ్మ నవ్వలేదు. నాన్న దగ్గర కోడిని తీసుకుని, మళ్ళీ మెట్టు దగ్గరికి వెళ్ళి, కళ్ళు మూసుకుని, ఈసారి పద్ధతిగా ఇచ్చింది. అలా ఒకే కోడి ఒకే రోజు రెండుసార్లు వేలమైంది. రెండోసారి అత్త పాడుకుంది. మధ్యాహ్నం మా ఇంట్లోనే కూరయింది. అయ్యగారిని కూడా పిలిచాం. ఆయన రెండోసారి వడ్డించుకుంటూ, ఇకమీదట ప్రసంగంలో కొంచెం జాగ్రత్తగా మాట్లాడతానని మాటిచ్చారు.

భోజనాలయ్యాయి, గిన్నెలు అయ్యాయి. నా సంగతే ఇంకా తేలలేదు. మూడైంది, నాలుగైంది. అమ్మ ఒక్క మాటా అనలేదు. ఐదింటికి నేనే ఉండబట్టలేక వెళ్ళి అడిగాను.

"తిట్టవా?"

"ఆవిడ క్షమించాక నేను తిడితే ఏం బాగుంటది?" అంది అమ్మ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ.

తేలికపడి వెనక్కి తిరిగాను. "ఆగు" అంది. "వచ్చే శనివారం నుంచి మెట్టకూరు వెళ్ళి అత్తకు సాయం చేసి రా. ఒక్కతే ఉంటది."

"శిక్షా?"

"శిక్ష కాదు."

"అయితే మానేస్తే ఏమవుతుంది?"

అమ్మ చేట పక్కన పెట్టి నన్ను చూసింది. "మానేసి చూడు" అంది.

శనివారాలు వెళ్ళాను. మొదట భయంతో, తర్వాత టీవీ కోసం. మా ఇంట్లో కేబుల్ పీకేయించింది అమ్మ, అది కూడా ఒక ప్రసంగం విన్నాకే. అత్త ఇంట్లో అన్ని చానళ్ళూ వచ్చేవి. ఆవిడ సినిమా చూస్తూ బడిపిల్లల పుస్తకాలు నాతో దిద్దించేది. నేను మార్కులు ధారాళంగా వేస్తుంటే కళ్ళజోడు పైకి జరిపి, "కృప మంచిదే గానీ రెండూ రెండూ ఐదు కాదే" అనేది.

ఒక శనివారం, సినిమాలో ప్రకటనలు వస్తున్నప్పుడు అడిగాను.

"రెండేళ్ళు ఎలా ఊరుకున్నావత్తా?"

"మొదట నీ కోసమే" అంది. "తర్వాత్తర్వాత హాయిగానే ఉందే. ఆదివారం మీ అమ్మ పక్కన నిలబడి తుడవమనడం లేదు కదా."

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. టీవీ వైపే చూస్తూ, "ఎప్పుడో క్షమించేశానని ఆ రోజు గొప్పగా చెప్పాను" అంది. "ఒక్కసారితో అయిపోలేదే. పొద్దున ఆరాధనలో క్షమించేదాన్ని. సాయంత్రానికి ఆ మాట మళ్ళీ గుర్తొచ్చేది. మీ అమ్మను కడిగేద్దామని బస్సెక్కి మీ సందు దాకా వచ్చేదాన్ని. నాలుగుసార్లొచ్చాను. నాలుగుసార్లూ మూల మీద ఆ కొట్టులో సోడా తాగి వెనక్కెళ్ళిపోయాను."

సినిమా మళ్ళీ మొదలైంది. అత్త సౌండ్ పెంచి, దిద్దని పుస్తకాల కట్ట నా ఒళ్ళోకి తోసింది.